లేత్‌కి బుర్ర వెతికిన రోజులు

ఒకటో రోజు. నీళ్ళు: పన్నెండో మెట్టు

సంఘం లోహం వాడుకునేవాళ్ళు పని ముగిసేదాకా ఏం జరిగిందో రాసి పెట్టాలని మా ఊరు మడగట్టులో నియమం. అందుకని రాస్తున్నాను. నా పేరు లోవకుమారి. టర్నర్ని. పడమటి కట్ట పక్కనున్న రేకుల షెడ్డు నాది.

పొద్దున్న పంపుహౌస్ మీరా సాహెబ్ తోపుడుబండి తోసుకుంటూ వచ్చాడు. బండి మీద ఏదో పెట్టి గోనెపట్టా కప్పాడు. పట్టా తీస్తే రెండో పంపు స్క్రూ. చేయంత పొడవు, మెలితిప్పిన కొమ్ములా ఉంటుంది. నడుం దగ్గర అడ్డంగా చీలింది. చీలికలో నా వేలిగోరు దిగింది. అతుకు పెడితే ఆగుతుందా అని అడిగాడు. ఆగదన్నాను. తనకీ తెలుసు, ఊరికే అడిగాడు.

మొదటి పంపుని ఆరేళ్ళ కిందటే విప్పి, దాని భాగాల్ని మిగతా రెండింటికీ సరిపెట్టుకున్నాం. అంటే ఇవాళ్టి నుంచి సముద్రానికీ మాకూ మధ్య ఉన్నది మూడో పంపు ఒక్కటే. కట్ట లోపల ఊరే నీళ్ళు, వాన నీళ్ళు అన్నీ అదొక్కటే తోడి అవతల పొయ్యాలి. పంపుహౌస్ గోతిలోకి పద్నాలుగు మెట్లున్నాయి, పైనుంచి లెక్క. రెండూ తిరుగుతున్నప్పుడు నీళ్ళు పద్నాలుగో మెట్టు కిందే ఉంటాయి. ఇవాళ పన్నెండులో ఉన్నాయి. మొదటి మెట్టు మునిగితే ఆ తర్వాత మునిగేది పల్లపు వీధి. అక్కడ అరవై నాలుగు ఇళ్ళు, అన్నీ ఒండ్రు మట్టి ఇటుకలవే. ఆ గోడలు నీళ్ళలో రెండు రోజులు నిలబడితే మూడో రోజుకి బురద.

ఆ పంపులు చేసిన కంపెనీ మాకు జవాబివ్వడం మానేసి నాలుగేళ్ళయింది.

"చెయ్యగలవా చెల్లెమ్మా?" అన్నాడు మీరా సాహెబ్, షెడ్డులో మూలనున్న నా లేత్ వైపు చూస్తూ.

ఆ లేత్‌ని ఆరేళ్ళుగా కడుతున్నాను. అన్నిటినీ కింద మోసే బెడ్ పాత మిల్లుది, మోటార్లు పాడైన సోలార్ పలకలవి. మామూలు లేత్‌లో కత్తికి రెండే కదలికలు. దీనికి ఐదు: పొడవునా, అడ్డంగా, పైకీ కిందికీ, పనిముక్కని కావలసినంత మేరకే తిప్పడం, ఆ పైన కత్తి తల వాలడం. ఈ స్క్రూ మెలిక పొడవునా ఒకేలా ఉండదు, మొదట్లో వదులుగా, చివరికి బిగుతుగా ఉంటుంది. ఐదూ కలిసి కదిలితే తప్ప అది రాదు. ఐదింటినీ కలిపి కదిలించే సాఫ్ట్‌వేర్ మాత్రం నా దగ్గర లేదు. ఒళ్ళుంది, బుర్ర లేదు.

చూస్తానన్నాను. కాదనడానికి నోరు రాలేదు.

రెండో రోజు. నీళ్ళు: పన్నెండో మెట్టు

సంఘం అధ్యక్షురాలు కనకరత్నం గారు కంచు దిమ్మ ఇచ్చారు. మునిగిన ఓడ ఇరుసులోంచి కోసిన ముక్క, అరవై కిలోలుంటుంది. కొట్లో అంతకంటే పెద్ద ముక్క లేదని, ఇంకోటి ఎక్కడా దొరకదని చెప్పి సంతకం పెట్టించుకున్నారు. దాన్ని లేత్‌లో ముక్కని బిగించే చక్ పక్కన బల్ల మీద పెట్టి గుడ్డ కప్పాను. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే అయినా, రెండుసార్లు గుడ్డ తీసి చూసి మళ్ళీ కప్పాను.

బుర్రకి మూడు దారులున్నాయి.

ఒకటి, ఓడల యార్డు వాళ్ళ కంట్రోలర్. మేం దాన్ని అనుమతి పెట్టె అంటాం. తగిలించిన గంటలో పని మొదలెట్టొచ్చు. ప్రతి కోతకి ముందూ పైనున్న ఉపగ్రహాన్ని అడిగి, సరేనంటేనే కోస్తుంది. రెండు, నేర్పరి. ఏం కావాలో చూపిస్తే ఎలా కొయ్యాలో తనే నేర్చుకుంటుంది. మూడు, ఊరుమ్మడి. ఎప్పుడో వేలమంది కలిసి రాసి ఎవరైనా వాడుకోండని వదిలేసిన పాత ప్రోగ్రాం. ఎవర్నీ అడగదు, ఏదీ దాచదు. కానీ తనంతట తనకి ఏమీ తెలియదు. నా లేత్ ఎలా ఉంటుందో, ఏ మోటారు ఎటు తిరిగితే కత్తి ఎటు పోతుందో ప్రతి వరసా నేనే రాయాలి. అది నాకు రాదు. ఒకప్పుడు నేర్పుతానన్నవారున్నారు, నేనే నేర్చుకోలేదు.

నీళ్ళు ఆగవు కాబట్టి అనుమతి పెట్టెతోనే మొదలెట్టమన్నారు కనకరత్నం గారు. నాకూ అదే తోచింది.

ఆరో రోజు. నీళ్ళు: పదో మెట్టు

పెట్టె తగిలించిన రోజు సంబరంగా ఉండింది. సరుగుడు దుంగ బిగించి చిన్న మెలిక కోశాను. వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. ఐదు మోటార్లూ ఒకే మనిషి వేళ్ళలా కదిలాయి. ఆరేళ్ళలో నా లేత్ అలా కదలడం నేను చూడలేదు. మీరా సాహెబ్ ఆ దుంగని ఇంటికి పట్టుకెళ్ళాడు.

తర్వాత అసలు స్క్రూ ఆకారం ఎక్కించాను. అనుమతి కోసం పంపాను, రెండు రోజులు చూడమంది. మూడు రోజులు చూశాం. వాన మొదలైంది. ఇవాళ పదకొండింటికి జవాబొచ్చింది. ఆ ఆకారం ఒకరి పేరున నమోదై ఉందట, కొయ్యడం కుదరదట. ఆ ఒకరు నాలుగేళ్ళుగా జవాబివ్వని కంపెనీయే.

అంతటితో ఆగినా బాగుండేది. నమోదైన ఆకారం కొయ్యబోయిన యంత్రమని నా ఐదు మోటార్ల డ్రైవర్లలో రెండింటికి తాళం వేసింది. డ్రైవర్ అంటే మోటారుకి ఎంత తిరగాలో చెప్పే చిన్న బోర్డు. పెట్టె ఊడబీకినా తాళం పోలేదు. ఇప్పుడు చేత్తో తిప్పినా ఆ రెండు మోటార్లూ కదలడంలేదు.

సాయంత్రం లోపే మీరా సాహెబ్ పంపుహౌస్ పైకెక్కి, ఎండ ఎటుంటే అటు సోలార్ పలకల్ని తిప్పే మోటార్ల దగ్గర్నుంచి రెండు డ్రైవర్లు విప్పి తెచ్చాడు. ఇక ఆ పలకల్ని గంటకోసారి మనుషులే భుజం పెట్టి తిప్పాలి. పల్లపు వీధి ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. నన్నెవరూ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

తొమ్మిదో రోజు. నీళ్ళు: తొమ్మిదో మెట్టు

నేర్పరిని ఎక్కించాను. మొదటి రోజంతా అది లేత్‌ని అటూ ఇటూ కదుపుతూ పసిపిల్ల కాళ్ళూ చేతులూ ఆడించినట్టు ఆడించింది. రెండో రోజు దుంగలు ఇచ్చాను. ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ గేజ్ పెట్టి చూస్తే వెంట్రుక తేడా లేదు. షెడ్డు బయట నిలబడ్డవాళ్ళు నాలుగో దుంగని చేతులు మార్చుకుంటూ చూశారు.

ఐదో దుంగలో సగం దాకా బాగానే పోయి, ఉన్నట్టుండి కత్తి తలని వాల్చి దుంగ గుండెల్లోకి దింపేసింది. దుంగ రెండయింది.

ఎందుకలా చేశావని అడిగాను. అడిగితే చెబుతుంది అది. ఆ సమయానికి అదే సరైన కదలికగా తోచిందని రాసింది. మళ్ళీ చేస్తావా అన్నాను. పరిస్థితిని బట్టి అంది.

దాని లోపల ఏముందో చూద్దామంటే చూడ్డానికేమీ లేదు, అంకెలు తప్ప. కోట్ల అంకెలు. ఏ అంకె వల్ల తల వాలిందో అది రాసినవాళ్ళకి కూడా తెలియదట.

పదో రోజు. నీళ్ళు: తొమ్మిదో మెట్టు

బడి వరండాలో సంఘం కూర్చుంది. నేర్పరిని వాడేద్దామని చాలామంది అన్నారు. ఐదింట నాలుగు బాగా వచ్చాయి కదా అన్నారు. మూడో పంపు రోజుకి గంట ఎక్కువ తిరుగుతోందని, బేరింగు అరుస్తోందని మీరా సాహెబ్ చెప్పాడు. కనకరత్నం గారు అందరూ మాట్లాడాక నన్ను చూశారు.

"మన దగ్గర దిమ్మలెన్ని ఉన్నాయి లోవా?"

"ఒకటేనండి."

చెయ్యి నీది, నిర్ణయం నీది అని కనకరత్నం గారు లేచారు. ఆవిడ నమ్మకంతో అన్న మాటే అది. నాకు మాత్రం దిమ్మని నెత్తిన పెట్టి వెళ్ళినట్టయింది. ఎవరైనా ఇది వాడు అని శాసిస్తే బాగుండునని వరండా ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాను.

మిగిలింది ఊరుమ్మడి. అది తెలిసిన మనిషి మడగట్టులో ఒక్కరే, జోగారావు మాస్టారు. నా చేతికి మొదట కత్తి పట్టించింది ఆయనే. ఎనిమిదేళ్ళ కిందట, లోవా, ఊరుమ్మడి నేర్పుతాను, ఏడాది పడుతుంది, రా అన్నారు. అప్పుడు యార్డులో అనుమతి పెట్టెల మీద పని దొరికింది, అటు పోయాను. ఆయన కోప్పడలేదు. మళ్ళీ పిలవలేదు, అంతే. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడివైపూ మాటా పడిపోయాయని విన్నాను. వినీ వెళ్ళలేదు. ఇప్పుడు అవసరం పడి వెళ్ళాలి.

పదకొండో రోజు. నీళ్ళు: తొమ్మిదో మెట్టు

మాస్టారి ఇల్లు పల్లపు వీధి చివర. భార్య సుభద్రమ్మ గారు తలుపు తీసి, పోల్చుకుని, పక్కకి తప్పుకున్నారు. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని అడగలేదు. ఆయన మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నారు. ముఖం ఒకవైపు జారింది. కళ్ళు మాత్రం అవే, పనిలో తప్పు కనిపెట్టే కళ్ళు.

ఆయనకి అన్నీ అర్థమవుతాయని, మాట ఒక్కటే లేదని ఆవిడ చెప్పారు. ఎడమచేత్తో మంచం కోడు మీద ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. రాయడం కుదరదు, అక్షరాలు కూడా మాటతోపాటే పోయాయట.

విషయమంతా చెప్పాను. స్క్రూ, దిమ్మ, పెట్టె, నేర్పరి. చివర్న నాకు నేర్పండి మాస్టారూ అన్నాను. ఎనిమిదేళ్ళు ఆలస్యంగా అన్నానని ఇద్దరికీ తెలుసు.

ఆయన ఎడమచేతిని కోడు మీదికి జరుపుకున్నారు. తర్వాత ఒకసారి కొట్టారు.

పదిహేడో రోజు. నీళ్ళు: ఆరో మెట్టు

రోజూ ఒకటే పని. బ్యాటరీ మూడో పంపుకే సరి, షెడ్డుకి ఎండ ఉన్నంతసేపే కరెంటు కాబట్టి పొద్దున్న షెడ్డులో లేత్ కొలతలు తీసి వరసలు రాస్తాను. మబ్బు పట్టగానే కాగితాలు తీసుకుని మాస్టారి దగ్గరికి పోతాను. ఒక్కో వరస చదువుతాను. ఒక దెబ్బ పడితే తర్వాతది. రెండు పడితే ఆ వరసలో ఏది తప్పో కనిపెట్టాలి. ఈ అంకెనా? కాదు. ఈ గుర్తా? కాదు. ముందు పొడవు కదలాలా, వాలడం కదలాలా? అలా ఇరవై ప్రశ్నలడిగితే ఒక అవును. నోరున్న మనిషికి అరనిమిషం పట్టే మాటకి మాకు ఒక పూట పడుతోంది.

ఆయన నుదురు చెమటలు పట్టి, కన్ను మూసుకుపోతుంటే సుభద్రమ్మ గారు చాలమ్మా అంటారు. ఆయన రెండు కొడతారు. చాలదని.

మొన్న కంప్యూటర్ అడ్డం తిరిగింది. మోటార్లకి అడుగు అడుగునా సరైన క్షణంలో కబురు పంపాలి. కంప్యూటర్ కన్నార్పినంతసేపు పరధ్యానంగా ఉన్నా కత్తి అడుగు తప్పుతుంది. మాది గడియారం చూపిస్తూ, ధ్వని వింటూ నూట ఎనిమిది పనులు పెట్టుకుంది. అవన్నీ మాస్టారికి ఒక్కొక్కటీ చదివి వినిపించి, తీసెయ్యమంటే తీసేశాను. నిన్న మధ్యాహ్నానికి అది లేత్‌ని తప్ప ఇంకేమీ ఎరగని కంప్యూటర్ అయింది.

ఇవాళ ఐదు కదలికలూ కలిసి కదిలాయి. అనుమతి పెట్టెతో కదిలినంత ముచ్చటగా కాదు, కొంచెం మొరటుగా. కానీ ఎందుకు కదిలిందో ప్రతి అడుగుకీ నేను చెప్పగలను. షెడ్డులో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

ఇరవై ఒకటో రోజు. నీళ్ళు: నాలుగో మెట్టు

రాసింది మొత్తం మాస్టారికి మొదట్నుంచి చివరిదాకా చదివి వినిపించాను. రెండు వందల పది వరసలు. రెండు వందల తొమ్మిదింటికి ఒక దెబ్బ పడింది, లేదా పడ్డట్టే. ఒక్కచోట మాత్రం రెండు.

అది కత్తి తల వాలే ఇరుసు దగ్గర్నుంచి కత్తి మొన దాకా ఉన్న దూరం రాసిన చోటు. నూట ఎనభై రెండు పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు. కాదన్నారు. మళ్ళీ వెళ్ళి కొలిచి వచ్చాను. అంతే ఉంది. చదివాను. కాదన్నారు. కూడికా తీసివేతా గుర్తు మార్చాలా అన్నాను. కాదు. వేరే చోట రాయాలా? కాదు. అసలు తీసెయ్యాలా? కాదు. చివరికి ఆయన చేత్తో కోడుని కొట్టిన కొట్టుడుకి పక్కనున్న గ్లాసు దొర్లిపోయింది. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. అది మాట కాలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ.

షెడ్డుకొచ్చి దుంగ మీద అదే అంకెతో మొత్తం స్క్రూ కోశాను. గేజ్ పెట్టాను. సరిగ్గా ఉంది. ఇంకో దుంగ, అదీ సరిగ్గా ఉంది.

మళ్ళీ వెళ్ళి సుభద్రమ్మ గారిని బయటికి పిలిచి, ఆయన ఎందుకిలా కాదంటున్నారని అడిగాను. ఈమధ్య అన్నం పెట్టబోయినా రెండు కొడుతున్నారని, తర్వాత మళ్ళీ తింటున్నారని, అలసిపోతే ఏదడిగినా కాదంటున్నారని ఆవిడ చెప్పారు. ఆయన బాగా అలిసిపోయారమ్మా అని నెమ్మదిగా అన్నారు.

ఎవర్ని నమ్మాలి? గేజ్‌నా, ఆయన చేతినా?

ఇరవై మూడో రోజు. నీళ్ళు: మూడో మెట్టు

మూడో పంపు నిన్న రెండు గంటలు ఆగింది. మీరా సాహెబ్ బేరింగులో కొవ్వు కూరి మళ్ళీ తిప్పాడు. రేపు ఎండ కాస్తుందని, రేపే కొయ్యాలని కనకరత్నం గారు కబురు పంపారు.

పొద్దున్న మాస్టారి దగ్గరికి వెళ్ళాను. అంకె మార్చకుండానే కొయ్యబోతున్నానని చెప్పాను. ఆయన కొట్టలేదు. నా వైపు చూడనూ లేదు.

ఇరవై నాలుగో రోజు. నీళ్ళు: రెండో మెట్టు

ఎండ బాగా కాసింది. ఎనిమిదింటికి దిమ్మని చక్‌లో బిగించాను. మీట నొక్కేముందు దండం పెట్టుకున్నాను, ఎవరికో తెలియదు, ఊరుమ్మడి రాసిన ఆ వేలమందికేనేమో.

ముందు మోటు కోతలు. కంచు పొట్టు బంగారు రజనులా రాలింది. పదింటికి మెలిక రూపం తేలింది. పదకొండున్నరకి గేజ్ పెట్టాను. కుడి కొన సరిగ్గా ఉంది. నడుం దగ్గర పాయింట్ జీరో ఎనిమిది మిల్లీమీటరు తేడా. ఎడమ కొనకి పాయింట్ ఒకటి ఐదు. పంపు లోపల స్క్రూకీ గోడకీ మధ్య ఉండాల్సిన సందే అంత. గేజ్ తుడిచి మళ్ళీ పెట్టాను. అంతే.

కంచు మీద చెయ్యి వేశాను. వేసి చప్పున తీసేశాను. కాలుతోంది. కత్తి మీద పోసే నీళ్ళ తొట్టెలో వేలు పెట్టాను, అవీ వేడే. అవే నీళ్ళు మూడున్నర గంటలుగా తిరిగి తిరిగి వస్తున్నాయి.

లోహం వేడికి పెరుగుతుందని తెలియని టర్నర్ ఉండదు. కానీ ఇంత పెద్ద ముక్కని ఇంతసేపు ఆపకుండా నేనెప్పుడూ కొయ్యలేదు. దుంగలు వేడెక్కవు, పెరగవు. అందుకే గేజ్ సరేనంది. అప్పుడు కాగితం చూశాను. ఆ దూరం అంకె ఉన్న వరస కిందే ఇంకో చిన్న వరస ఉంది: ఒక్కో కోతకీ మధ్య ఆగాల్సిన సమయం. సున్నా అని ఉంది. చదివేటప్పుడు రెండు వరసలూ ఒకే ఊపిరిలో చదివాను. ఆయన దెబ్బలు రెండో దానికి. నేను మొదటి దాన్ని పట్టుకుని ఆయన్ని ఏడిపించాను.

లేత్ ఆపేశాను.

కొయ్యాల్సిన లోహం ఇంకా పాయింట్ నాలుగు మిల్లీమీటరు మిగిలే ఉంది. అంటే దిమ్మ బతికే ఉంది. వేడి మీద ఇంకో కోత పడితే మాత్రం మళ్ళీ అతికించలేను. చల్లారాలి, కొయ్యాలి, చల్లారాలి. ఆగే సమయం యాభై నిమిషాలు రాశాను. మిగిలిన కోతలు పద్నాలుగు. ఇప్పుడున్న వేడి దిగేసరికే ఇవాళ్టి ఎండ వాలిపోతుంది, ఆపైన ఎండున్న గంటల్లో లెక్కేస్తే ఇంకా మూడు రోజులు.

శబ్దం ఆగేసరికి జనం వచ్చారు. ఎండ ఫెళ్ళున కాస్తోంది, లేత్ ఊరికే నిలబడి ఉంది, నేను స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ఏమైందని అడిగినవాళ్ళకల్లా చెప్పాను. కొందరికి అర్థమైంది. కొందరు నేర్పరి అయితే ఈపాటికి ముగించేదన్నారు. అబద్ధమని ఎలా అనను? ముగించేదేమో. కనకరత్నం గారు చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చారు, పల్లపు వీధిలో అప్పుడే బురద.

"ఎంతసేపు?"

"చల్లారేదాకానండి."

"ఎండ పోతోంది లోవా."

"తెలుసండి."

ఆవిడ కంచు వైపు చూశారు. నన్ను తోసేసి మీట నొక్కుతారేమో అనిపించింది. నొక్కితే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆవిడ నొక్కలేదు. పల్లపు వీధి ఖాళీ చెయ్యమని చెప్పడానికి వెళ్ళిపోయారు.

ఇరవై ఐదో రోజు. నీళ్ళు: మొదటి మెట్టు

మబ్బు. నాలుగు కోతలే పడ్డాయి. కొలతలు సరిగ్గా ఉన్నాయి. మిగతా సమయమంతా స్టూలు మీద కూర్చుని, కంచు మీద చెయ్యి పెట్టి చూడటం, తియ్యడం. షెడ్డు ముందునుంచి మంచాలూ బియ్యం డబ్బాలూ బడి వైపు పోతున్నాయి. లేచి ఒక చెయ్యి వేద్దామనుకున్నాను. కోత మధ్యలో లేత్‌ని వదలకూడదు, ఆగినప్పుడూ వదలబుద్ధి కాలేదు.

మాస్టారిని మంచంతో సహా నలుగురు మోసుకుపోయారు. సుభద్రమ్మ గారు పక్కన గొడుగు పట్టుకుని నడిచారు. షెడ్డు దగ్గర ఒక్క క్షణం ఆపమన్నారు. నేను గుమ్మంలోకి వచ్చి, ఆ వరస నాకు దొరికింది మాస్టారూ, ఆగే సమయం రాశాను అన్నాను. ఆయన మంచం పట్టీ మీద ఒకసారి కొట్టారు.

ఇరవై ఆరో రోజు. మెట్లు కనబడటం లేదు

ఐదు కోతలు. పల్లపు వీధిలో మోకాళ్ళ లోతు.

ఇరవై ఏడో రోజు

ఐదు కోతలు. చివరిది మూడింటికి పడింది. చల్లారనిచ్చి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా కొలిచాను. పాయింట్ జీరో రెండు లోపే ఉంది. మీరా సాహెబ్ దాన్ని భుజాన వేసుకుని నడుంలోతు నీళ్ళలో పంపుహౌస్‌కి పోయాడు. బండి తేలిపోతుందని బండి వద్దన్నాడు.

వెలుతురు పోయేలోపే బిగించాడు. బ్యాటరీ మొత్తం దానికే వదిలారు. మొదట దగ్గింది. తర్వాత కట్ట అవతల రెండో గొట్టంలోంచి నీళ్ళు దూకాయి. కట్ట మీద నిలబడ్డ జనం అరవలేదు. నీళ్ళు పడుతున్న చోటికేసి చూస్తూ నిలబడిపోయారు. మడగట్టు నిలబడింది. ఎగువ వీధులు, బడి, ఆసుపత్రి, మంచినీళ్ళ చెరువు అన్నీ దక్కాయి.

ముప్పై రెండో రోజు. నీళ్ళు: ఐదో మెట్టు

పల్లపు వీధిలో నీళ్ళు తీశాయి. అరవై నాలుగు ఇళ్ళలో నిలబడ్డవి పదకొండు. మిగతావి మనిషి కూర్చుండిపోయినట్టు గోడల మీదే కూర్చుండిపోయాయి. మాస్టారి ఇంటి చోట తలుపు చట్రం ఒకటి నిలబడి ఉంది.

మాలాంటి మూడు గట్ల ఊళ్ళ నుంచి మనుషులొచ్చారు, వాళ్ళ పంపులూ అలాంటివే. ఏ సాఫ్ట్‌వేర్ పెట్టావని అడిగారు. ఊరుమ్మడి అని చెప్పి, రెండు వందల పది వరసలూ రాసిచ్చాను. ఆగే సమయం వరస కింద గీత గీశాను. సంఘం నన్ను పొగిడింది. నా పేరు కట్ట మీద రాయిద్దామన్నారు. వద్దన్నాను.

మధ్యాహ్నం బడికి వెళ్ళాను. నాలుగో తరగతి గదిలో తెర కట్టి, తెర అవతల మాస్టారి మంచం. ఆయన నిద్రపోతున్నారు. సుభద్రమ్మ గారు వరండాలో తడిసిన చీరలు ఆరేస్తున్నారు. ఒక కొస నేను పట్టుకున్నాను. చీర దులిపి తీగ మీద వేశాక ఆవిడ అడిగారు.

"నువ్వు ఆ రోజు ఆపకుండా కోసేసుంటే మా ఇల్లు ఉండేదా, లోవా?"

కోపంగా అడగలేదు. కూర ఉడికిందా అన్నట్టు అడిగారు. ఆపకుండా కోసుంటే ఆ రోజే ముగిసేది. వంకర స్క్రూ ఒక రోజు తిరిగేదేమో, పది రోజులు తిరిగేదేమో, తిరగనే తిరగదేమో. నేర్పరి ఐదింట నాలుగు సరిగ్గా చేసేది. ఇది ఆ నాలుగులో ఉండేదో ఐదోది అయ్యేదో.

"తెలీదండి," అన్నాను.

ఆవిడ ఇంకో చీర తీశారు.

"పొద్దున్న ఆయన్నీ ఇదే అడిగాను. చెయ్యి లేపారు. కొట్టలేదు. ఒకటీ కొట్టలేదు, రెండూ కొట్టలేదు. అలాగే గాల్లో పెట్టుకుని ఉండిపోతే, నొప్పి పుడుతుందని నేనే పట్టుకుని దించాను."